గుంటూరు సీమలో గ్రహణ సన్నాహము

క్రీ. శ. 1868వ సంవత్సరము ఆగస్టు నెల 18వ తేది, మంగళవారము. మన పంచాంగము ననుసరించి విభవనామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య. ఆనాటి ఉదయము సుమారు తొమ్మిది గంటల వేళ గుంటూరు పట్టణముపైని సూర్యబింబము పూర్తిగా మరుగుపడెను. పగలు చీకటియై, అయిదు నిమిషములు దాటిన పిమ్మట మరల వెలుగయ్యెను. పట్టుస్నానము చేసి జపతపములలో నుండిన గృహస్థులకు అది పుణ్యకాలము. అదే పట్టణమున యంత్రములు నిలిపి వేచియుండిన కొందరికి అది నెలల తరబడి చేసిన శ్రమకు పరీక్షాకాలము.

ఈ గ్రహణమును గూర్చి మనలో వాడుకగా చెప్పుకొను మాట యొకటి కలదు. హీలియము అను వాయువును లోకమున మొట్టమొదట గుంటూరులోనే కనుగొనిరని ఆ మాట. అందు నిజమెంతయో ఈ ప్రసంగమున విచారింతము. అయితే, ఆ విచారణకు ముందు మనము తెలిసికొనదగిన విషయము వేఱొకటి యున్నది. ఆ అయిదు నిమిషములలో ఎవరికేమి కనబడెను అనునది, అంతకు పూర్వము వారు ఏ ప్రశ్నను మనస్సున నిలుపుకొనిరి, దానికై ఏ యంత్రమును ఎట్లు సిద్ధపరచుకొనిరి అనుదానిని బట్టి యుండెను. రేడియోలో పదునైదు నిమిషములు వినవచ్చు నాటికకు వెనుక ఎన్ని దినముల అభ్యాసముండునో శ్రోతలెరుగుదురు. ఆకాశ పరిశీలనము కూడ అట్టిదే.

మొదట ఆనాటి ప్రశ్న యేమో చూతము. సంపూర్ణ గ్రహణ సమయమున నల్లని చంద్రబింబపు అంచున ఎఱ్ఱని మంటలవంటి ఆకారములు కనబడును. 1842వ సంవత్సరపు గ్రహణమున ఐరోపా ఖగోళజ్ఞులు వీనిని చూచి ఆశ్చర్యపడిరి. ఇవి చంద్రునివా, సూర్యునివా, లేక కంటి భ్రమయా అని వాదములు సాగెను. 1860లో స్పెయిను దేశమున వారెన్ డి లా ర్యూ, ఫాదర్ సెక్కీ అనువారు వేర్వేరు తావులనుండి తీసిన ఛాయాచిత్రములవలన అవి సూర్యునికి సంబంధించినవే యని నిశ్చయమయ్యెను. చంద్రుడు ముందునకు కదలినకొలది ఒక వైపు జ్వాలలు మరుగుపడుచు, రెండవ వైపు జ్వాలలు బయటపడుచు వచ్చినవి. సూర్యునికి అంటియుండినగాని అట్లు జరుగదు. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఆ జ్వాలలు ఏ పదార్థముతో నేర్పడినవి?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగల సాధనము 1859 ప్రాంతమున జర్మనీ దేశీయులగు కిర్కాఫ్, బున్సెన్ అను శాస్త్రజ్ఞుల కృషివలన లోకమునకు లభించెను. అదియే వర్ణపటదర్శిని. వెలుగును సన్నని చీలికగుండ పంపి, గాజు పట్టకముచే విడదీసినచో రంగుల పట్టీ యేర్పడును. ఎఱ్ఱగా కాలిన ఘనపదార్థము ఎడతెగని పట్టీ నిచ్చును. వేడెక్కిన పలుచని వాయువైనచో కొన్ని ప్రకాశరేఖలను మాత్రమే యిచ్చును. ఒక్కొక్క మూలకమునకు దాని రేఖలు దానివే. మంటలో చిటికెడు ఉప్పు వేసినపుడు కనబడు పసుపుపచ్చని కాంతి అందలి సోడియముయొక్క గురుతు. ఈ యంత్రము చేతికి వచ్చిన తరువాత దానిని గురిపెట్టుటకు అనువుగా దొరకిన మొదటి దీర్ఘ గ్రహణము 1868 నాటిదే. అందుచేతనే అన్ని దేశముల విద్వాంసులు అంత ఆరాటపడిరి.

ప్రశ్న నిశ్చయమైన పిమ్మట స్థలనిర్ణయము. చంద్రుని నీడ ఏడెను రేవువద్ద నుండి అరేబియా సముద్రము దాటి, దక్కను పీఠభూమిమీదుగా తెలుగు సీమకు వచ్చి, బందరు తీరమున సముద్రము ప్రవేశించి, సయాము దేశమువైపు సాగవలసియుండెను. మార్గము గణితముచే తెలియును గాని మేఘములు గణితమునకు లొంగవు. అది నైరృతి ఋతుపవనముల కాలము. పడమటి కనుమలకు చేరువనున్న తావులలో వానభయము మెండు. తూర్పు తీరమునకు దగ్గరనున్న గుంటూరు, బందరు ప్రాంతములయందు ఆశ కొంత ఎక్కువ. ఒక్కచోటనే అందరు కూడినచో ఒక్క మబ్బుతునుకతో అందరి శ్రమయు వ్యర్థమగును గనుక బృందములు దారి పొడవున విడివిడిగా నిలిచెను. ఏడెనులో జర్మనులు, ఆస్ట్రియనులు విడిసిరి. జమఖండిలో లెఫ్టినెంటు జాన్ హెర్షెల్ యంత్రములు నిలిపెను. సయాములో ఫ్రెంచివారి మఱొక బృందముండెను. ఆ దేశపు రాజగు మోంగ్‌కుట్ స్వయముగా గణితము చేసి, సపరివారముగా గ్రహణము చూడబోయి, అచ్చటి అడవి ప్రాంతమున జ్వరము తగిలి, అక్టోబరు 1వ తేదిన పరలోకగతు డయ్యెను.

తెలుగుదేశమున మూడు తావులు ముఖ్యమైనవి. మద్రాసు వేధశాలకు అధిపతియగు నార్మన్ పోగ్సన్ బందరున విడిసెను. నక్షత్రముల ప్రకాశమును తరగతులుగా కొలుచుటకు నేటికిని వాడుకలోనున్న గణితక్రమమును 1856లో ప్రతిపాదించినవాడు ఈయనయే. ఆ వేధశాలయందే మొదటి సహాయకుడగు చింతామణి రఘునాథాచారి నైజాము రాజ్యమునందలి వనపర్తికి వెళ్లెను. రఘునాథాచారి పంచాంగకర్తల వంశమున పుట్టినవాడు. ఆకాశమున నిత్యము కాంతి మారుచుండు నక్షత్రము నొకదానిని ఆయన అంతకు ముందటి సంవత్సరమే, అనగా 1867లో, కనుగొనియుండెను. 1874 నాటి శుక్రసంక్రమణమును గూర్చి ఈయన వ్రాసిన చిన్న పుస్తకము అనేక భారతీయ భాషలలో వెలువడినది. పంచాంగ గణితమును దూరదర్శినితో సరిచూచి దిద్దుకొనవలెనని ఆయన వాదించెను. గ్రహణము పట్టు వేళను ముందుగా చెప్పుట మనకు తరతరములుగా వచ్చిన విద్య. పట్టిన గ్రహణమును యంత్రముతో ప్రశ్నించుట క్రొత్త విద్య. ఈ రెంటిని ఒక చేతిలో పట్టుకొన్నవారిలో రఘునాథాచారిని మనము తప్పక స్మరింపవలెను.

మూడవ తావు గుంటూరు. ఇచ్చట రెండు బృందములుండెను. అందొకటి మేజరు జేమ్స్ టెన్నాంట్ నాయకత్వమున ఆంగ్లప్రభుత్వము పంపినది. ఆయన ముఖ్యముగా సిద్ధపరచినది ఛాయాచిత్రణము. తొమ్మిది అంగుళముల వెండిపూత దర్పణముగల దూరదర్శినిని ఇంగ్లండునుండి తెప్పించి, ఛాయాచిత్రములు తీయుటలో శిక్షణ పొందిన సైనిక ఇంజనీర్లను వెంటబెట్టుకొని వచ్చెను.

ఆ కాలమున ఛాయాచిత్రము తీయుట యెంత పనియో నేడు ఊహించుట కష్టము. గాజుపలకపై కొలోడియను అను జిగురు ద్రావణమును సమముగా పోయవలెను. దానిని చీకటిగదిలో వెండి నైట్రేటు నీటిలో ముంచి తీయవలెను. ఆ తడి ఆరకమునుపే దానిని దూరదర్శినికి అమర్చి చిత్రము తీసి, మరల చీకటిగదికి కొనిపోయి కడుగవలెను. ఇదంతయు కొద్ది నిమిషములలో ముగియవలసిన పని. గుంటూరు ఉక్కలో పలక ఇంకను త్వరగా ఆరిపోవును. నీటిలో మలినమున్నను, గాలిలో దుమ్ము రేగినను చిత్రము చెడును. కనుక ఎవడు పలక పోయవలెను, ఎవడు అందీయవలెను, ఎవడు మూత తీయవలెను, ఎవడు క్షణములు లెక్కపెట్టవలెను అనునది ముందే పంచుకొని, చీకటిలో చేతికి చేయి తగులకుండ అభ్యసింపవలెను. పెండ్లి పందిటిలో ముహూర్తము దాటిపోయిన పిదప మంగళసూత్రము వెదకుకొన్నట్లు కారాదు గదా!

ఇంతటితోను ముగియలేదు. గ్రహణము పట్టు క్షణమును సరిగా తెలిసికొనవలెనన్న తాము నిలిచిన చోటుయొక్క అక్షాంశ రేఖాంశములు తెలియవలెను. అందులకై రాత్రులయందు నక్షత్రములను వేధించి, గడియారముల తప్పును కనిపెట్టుచుండవలెను. పగటి గ్రహణమునకు రాత్రులు మేలుకొని సిద్ధపడుట అనగా ఇదియే.

రెండవ బృందము ఫ్రెంచివారిది. దాని నాయకుడు పియేర్ జూల్ జాన్సెన్. ఈయన 1824లో ప్యారిసులో జన్మించెను. బాల్యమున జరిగిన ప్రమాదమువలన జీవితాంతము కుంటుచు నడచెను. అయినను ఆయన తిరుగని దేశము తక్కువ. 1857లో దక్షిణ అమెరికాయందలి పెరూ దేశమునకు పోయి జ్వరమున పడి వెనుదిరిగెను. సూర్యుని వర్ణపటములో కనబడు నల్లని రేఖలలో కొన్ని సూర్యునివి కావనియు, మన భూవాయువులోని నీటియావిరి మొదలగువానివలన కలిగినవనియు నిరూపించుటకై 1866లో ప్యారిసునందలి ఒక గ్యాసు కర్మాగారమున 37 మీటర్ల పొడవుగల గొట్టమును ఆవిరితో నింపి, దానిగుండ వెలుగును పంపి పరీక్షించెను. 1867 మార్చి నెలలో కంకణ గ్రహణమును చూచుటకు ఇటలీయందలి త్రానీ పట్టణమునకు పోయెను.

ఈ పనులు వేటికవి వేఱుగా కనబడినను, గుంటూరులో అన్నియు ఒక్కటిగా పనికి వచ్చెను. వర్ణపటమున ఏ రేఖ సూర్యునిదో, ఏ రేఖ మన గాలిదో ఆయన కంటికి బాగుగా అలవాటైయుండెను. గ్రహణవేళ తడబడకుండుట త్రానీలో నేర్చెను. మద్రాసునకు ఓడలో వచ్చి, అచ్చటినుండి తీరము వెంట బందరు చేరి, గుంటూరులో నివసించుచుండిన ఒక ఫ్రెంచి వర్తకుని ఎత్తయిన మేడపై యంత్రములు నిలిపెను. ఛాయాచిత్రములకు ఆయన ప్రాధాన్య మీయలేదు. వెంట తెచ్చిన దూరదర్శిని, వర్ణపటదర్శినులు అన్నియు ఒక్క ప్రశ్నకే గురిపెట్టబడియుండెను: జ్వాలలు వాయువులా, కావా?

గ్రహణమునాటి ఉదయము గుంటూరుమీద పలుచని మబ్బు క్రమ్మియుండెను. అయినను సంపూర్ణతా సమయమున బింబము కనబడెను. నల్లని అంచున కొమ్మువలె పైకి లేచిన పెద్ద జ్వాల యొకటి అందరి దృష్టిని ఆకర్షించెను. టెన్నాంటు బృందము ఆరు చిత్రములు తీసెను. మబ్బువలన కరోనా వాటిలో చక్కగా పడలేదు గాని జ్వాలలు పడెను. జాన్సెన్ తన యంత్రపు చీలికను జ్వాలపై నిలిపినంతనే రంగుల పట్టీ మాయమై, మిక్కిలి ప్రకాశమానములైన రేఖలు నిలిచెను. వానిలో ముఖ్యమైనవి ఉదజని వాయువుయొక్క రేఖలు. ప్రశ్నకు సమాధానము లభించెను. జ్వాలలు వాయుమయములు. జమఖండిలో హెర్షెలునకు, బందరులో పోగ్సనునకు, సయాములో జార్జి రాయే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞునకు కూడ ప్రకాశరేఖలు కనబడెను.

ఇంతవరకు అందరిదియు ఒక్కటే విజయము. ఇక జాన్సెనునకు ప్రత్యేకముగా దక్కినది వేఱు. ఆ రేఖల కాంతి చూచి ఆయనకొక ఆలోచన తట్టెను. ఇంత ప్రకాశమున్నచో వీనిని గ్రహణము లేకుండగనే చూడవచ్చును గదా అని. సామాన్యముగా జ్వాలలు మనకు కనబడకుండుటకు కారణము పగటి ఆకాశపు వెలుగు. ఆ వెలుగును పట్టకముచే పొడవుగా విడదీసినచో అది పలుచబడును. జ్వాల కాంతియో, కొలది రేఖలలోనే కూడియుండుటచే అట్లు పలుచబడదు. చేటలో గుప్పెడు పిండిని పరచినకొలది పిండి పలుచనగును; అందలి ఆవగింజ మాత్రము ఆవగింజగానే నిలిచి కంటికి తెలియును. ఇదియే ఆ యుక్తి.

ఆ మధ్యాహ్నము మబ్బులు క్రమ్ముటచే ప్రయత్నింప వీలులేకపోయెను. మఱునాడు, 19వ తేది ఉదయమున, జాన్సెన్ యంత్రమును సూర్యుని అంచుకు గురిపెట్టెను. ముందటి దినమున చీకటిలో చూచిన రేఖలు నిండు వెలుగులో మరల కనబడెను. చీలికను అంచు వెంట మెల్లగా జరుపుచు జ్వాలల ఆకారములను సైతము గుర్తింపగలిగెను. అయిదు నిమిషముల గ్రహణము ఆయనకు పదునేడు దినములు సాగెను. సెప్టెంబరు 4వ తేది వరకు ఆయన గుంటూరులోనే యుండి ప్రతిదినము పరిశీలించెను.

ఈ సందర్భమున ఒక సంగతి గమనింపదగినది. గ్రహణము విడిచిన మధ్యాహ్నమే యంత్రములను పెట్టెలలో కెత్తించియున్నచో ఆయనకు ఈ అదృష్టము దక్కెడిది కాదు. యంత్రము నిలిపియుండెను. అది సరిచూడబడి, సూర్యుని వెంట తిరుగుటకు అమర్పబడి యుండెను. కావుననే ఆలోచన తట్టిన మఱునాడే పరీక్ష జరిగెను.

ఇదే ఆలోచన ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అను శాస్త్రజ్ఞునకు అంతకు ముందే కలిగియుండెను. అయితే తగిన యంత్రమును చేయించుటలో ఆలస్యము జరిగి, అది 1868 అక్టోబరులో గాని ఆయన చేతికి రాలేదు. అందిన కొలది దినములకే, ఆ నెల 20వ తేదిన, లండనులో గ్రహణము లేకుండగనే ఆయనకు జ్వాలల రేఖలు కనబడెను. జాన్సెన్ తన ఫలితములను తెలుపుచు సెప్టెంబరు 19వ తేదిన మన కాకినాడనుండి వ్రాసిన లేఖయు, లాకియర్ వార్తయు ప్యారిసునందలి విజ్ఞాన పరిషత్తునకు అక్టోబరు 26వ తేది నాటి సమావేశముననే చేరెను. ఎవరు ముందు, ఎవరు వెనుక అని వివాదము రేపక, ఇరువురి ముఖములను ఒక్క పతకముపై ముద్రించి 1872లో ఫ్రాన్సువారు గౌరవించిరి. గుంటూరులో ఒకనికి ముందుగా యంత్రము సిద్ధముగా నుండెను. లండనులో రెండవవానికి ఆలోచన ముందుగా సిద్ధముగా నుండెను.

ఇప్పుడు హీలియము మాటకు వత్తము. గ్రహణసమయమున పలువురు ఒక పసుపు రేఖను చూచిరి. అది సోడియము రేఖలకు మిక్కిలి చేరువగా నుండుటచే, సోడియముదే యని సామాన్యముగా తలంచిరి. అది సోడియము రేఖల తావున గాక ప్రక్కగా నున్నదని లాకియర్ ఆ అక్టోబరు తరువాతి పరిశీలనలలో నిశ్చయించెను. భూమిపై తెలిసిన యే మూలకముతోను అది సరిపడలేదు. సూర్యుని గ్రీకు పేరుగల హీలియోస్ అను పదమునుండి హీలియము అను నామము వచ్చినది. భూమిమీద ఆ వాయువును 1895లో విలియం రామ్సే ఒక యురేనియము ఖనిజమునుండి రాబట్టిన పిదప గాని సందేహములు పూర్తిగా తీరలేదు.

కనుక గుంటూరులో హీలియమును కనుగొనిరని చెప్పుట సగము సత్యమే యగును. గుంటూరు, బందరు ఆకాశములలో దాని రేఖ శాస్త్రజ్ఞుల కంటబడెను. దానిని క్రొత్తదిగా గుర్తించుట తరువాత జరిగెను. దీనివలన మన సీమకు గౌరవము తగ్గునని మేము తలంపము. గ్రహణము లేకుండగనే సూర్యజ్వాలలను చూడవచ్చునని లోకమున మొదట ఋజువైనది గుంటూరు మేడమీదనే. ఇది సందేహములేని గౌరవము. సందేహములేని దానిని విడిచి, సగము సత్యమును పట్టుకొని వ్రేలాడనేల?

ఎంత సన్నాహమున్నను ఆకాశము అనుకూలింపవలెను. 1870 డిసెంబరులో ప్యారిసు నగరము శత్రుసేనలచే ముట్టడింపబడియుండగా, జాన్సెన్ తన యంత్రములతో బెలూను నెక్కి సైనికుల తలలమీదుగా తప్పించుకొని పోయి, ఉత్తర ఆఫ్రికాయందలి ఓరాన్ పట్టణము చేరెను. ఆ నెల 22వ తేది గ్రహణవేళకు అచ్చట మేఘములు క్రమ్మెను, ఏమియు కనబడలేదు. ఆయన నిరాశ చెందక, మఱుసటి సంవత్సరము డిసెంబరు 12వ తేది గ్రహణమునకు మరల మన దేశమునకు వచ్చి, నీలగిరి కొండలపైనుండి కరోనాను జయప్రదముగా పరిశీలించెను.

నేటి పెద్ద దూరదర్శినులవద్ద పనిచేయువారికి కూడ ఈ పద్ధతియే. ఒక శాస్త్రజ్ఞుడు వేధశాలలో రెండుమూడు రాత్రుల కాలము కోరవలెనన్న నెలలకు ముందే తన ప్రశ్న యేమో, దానికి ఎంత వెలుగు, ఎన్ని గంటలు వలయునో వ్రాసి పంపుకొనవలెను. పెద్దల సంఘము దానిని తూచి కాలము కేటాయించును. పిదప ఏ నక్షత్రము ఏ గంటకు నడినెత్తికి వచ్చునో, వెన్నెల అడ్డము వచ్చునేమో లెక్కకట్టవలెను. ఆకాశము సగము చెడినచో చేయదగిన రెండవ పనిని కూడ పట్టికలో చేర్చుకొనవలెను. సాయంసంధ్యవేళనే సమమైన వెలుగుగల ఆకాశమును చిత్రించి యంత్రపు లోపములను కొలుచుకొనవలెను. లడఖునందలి హాన్లేలో సముద్రమట్టమునకు సుమారు 4,500 మీటర్ల ఎత్తున నున్న రెండు మీటర్ల దూరదర్శినిని బెంగుళూరు సమీపమున హొసకోటెలో కూర్చుండియే ఉపగ్రహ సంబంధముద్వారా నడుపుదురు. దూరము పెరిగినది, యంత్రములు మారినవి. సిద్ధపడకుండ వచ్చినవానికి ఆనాడు దక్కనట్లే నేడును రాత్రి దక్కదు.

మన సీమకును ఈ కృషితో సంబంధము తెగిపోలేదు. హైదరాబాదులో 1901లో స్థాపింపబడిన నిజామియా వేధశాల దశాబ్దముల తరబడి ఆకాశమును పలకపలకగా చిత్రించి నక్షత్రముల పట్టికలను తయారుచేసెను. దాని వారసత్వము గలిగిన జపాల్–రంగాపూరు వేధశాలమీదుగా 1980 ఫిబ్రవరి 16వ తేదిన సంపూర్ణ గ్రహణచ్ఛాయ సాగిపోయెను. ఇక 2023 సెప్టెంబరు 2వ తేదిన శ్రీహరికోటనుండి ఆదిత్య–ఎల్1 అను ఉపగ్రహము బయలుదేరి, 2024 జనవరి 6వ తేదికి తన స్థానము చేరెను. అందలి ఒక యంత్రము సూర్యబింబమును తనలోనే ఒక బిళ్లచే మరుగుపరచి, చుట్టునున్న కరోనాను పరిశీలించుటకై నిర్మింపబడినది. గ్రహణముకొరకు కాచుకొనియుండక సూర్యుని పరిసరములను చూడవలెనను కోరిక, 1868 ఆగస్టు 19వ తేది ఉదయమున గుంటూరులో తొలిసారి తీరిన కోరికయే. ఆ గుంటూరు సీమనుండి శ్రీహరికోట అట్టే దూరము లేదు.